రసీదు ఉంది, పర్మిషన్ లేదు: తిరునాళ్ళ బజ్జీల అంగడి వెనక చరిత్ర

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న కాగితంతో మొదలుపెడతాను. కెమెరాకి దగ్గరగా పట్టుకుంటున్నా, చూడండి. లేత గులాబీ రంగు కాగితం, అరచేతిలో సగం ఉంటుంది, మధ్యలో నూనె మరక. పైన "ఆశీలు రసీదు" అని అచ్చు. కింద పెన్నుతో 300 అని అంకె. పక్కన ఎవరిదో తెలియని సంతకం. అంతే. ఇది మా బాబాయి ట్రంకుపెట్టెలో పదేళ్ళకి పైగా ఉంది.

మా బాబాయి తాపీ మేస్త్రి. ఏడాదిలో 362 రోజులు తాపీ పని, మూడు రోజులు బజ్జీల వ్యాపారం. మా పక్క ఊరి తిరునాళ్ళలో ప్రతి ఏడాదీ అంగడి వేసేవాడు. పిన్ని ముందురోజు రాత్రే మిరపకాయలు చీల్చి, వాము, చింతపండు గుజ్జు కూరి పెట్టేది. తమ్ముడు ప్లేట్లు అందించేవాడు. గల్లాపెట్టె దగ్గర నేను. 2013లో నేను ఇంటర్ సెకండియర్, పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి, అయినా వెళ్ళాను. ఆ మూడు రోజుల్లో తిన్నన్ని బజ్జీలు మిగతా ఏడాదంతా కలిపినా తినేవాణ్ణి కాదు మరి.

ఆ ఏడు శనగపిండికి, నూనెకి, గ్యాసుకి, షామియానా అద్దెకి కలిపి పన్నెండు వేలు అప్పు తెచ్చాడు, మూడు రూపాయల వడ్డీకి. మొదటిరోజు బాగానే అమ్మాం. రెండోరోజు సాయంత్రం, రథం కదిలే వేళకి, జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక్కసారిగా "అంగళ్ళు తియ్యండి, దారి ఇవ్వండి" అని వచ్చారు. పొయ్యి మీద మూకుడు నిండా కాగే నూనె ఉంది. దాన్ని ఎక్కడికని తీస్తాం? "పది నిమిషాలు ఆగండయ్యా, నూనె దించుకుంటాను" అని బాబాయి బతిమాలాడు. ఈలోపు ఎవరో బల్ల లాగారు. కలిపిన పిండి బేసిన్ మొత్తం నేల మీద పడింది. అప్పుడు బాబాయి చొక్కా జేబులోంచి ఈ రసీదు తీసి చూపించాడు. "అయ్యా, డబ్బు కట్టానయ్యా, ఇదిగో."

వచ్చినాయన దాన్ని చూసి తిరిగిచ్చేశాడు. "ఇది ఆశీలు కట్టినట్టు రసీదు. ఇక్కడ పెట్టుకోమని పర్మిషన్ కాదు" అన్నాడు.

ఆయన ఎవరు, ఏ శాఖ అనేది ఇక్కడ అనవసరం. నన్ను ఇన్నేళ్ళూ తొలిచిన విషయం వేరే ఉంది. ఆయన చెప్పింది చట్టప్రకారం కరెక్టే! డబ్బు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, కానీ ఆ రసీదుకి అర్థం "నువ్వు ఇక్కడ ఉండొచ్చు" అని కాదు. ఇలాంటి విచిత్రం ఎలా పుట్టింది? దీని వెనక పడితే చాలా దూరం పోవాల్సి వచ్చింది. ఆ దూరమే ఈ ఎపిసోడ్.

ముందు ఆ "ఆశీలు" అనే మాట దగ్గరికి వద్దాం. ఆంధ్రలో సంతలో, తిరునాళ్ళలో, మార్కెట్ రోడ్డు మీద అమ్ముకునేవాళ్ళ దగ్గర వసూలు చేసే రుసుము ఆశీలు. తెలంగాణలో దీన్నే తైబజార్ అంటారు. ఉత్తరాదిలో తహబజారీ. "తహ్" అంటే పార్సీలో అడుగు, కింది భాగం. అంటే బజారులో నీ కాళ్ళ కింద ఉన్న నేలకి అద్దె అన్నమాట. మాటే చెబుతోంది ఇది ఎంత పాతదో. బ్రిటిష్ వాళ్ళ కంటే ముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది.

ఇంకా వెనక్కి కావాలంటే కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉంది. అందులో నగరం చూసుకునే అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. వండిన అన్నం అమ్మేవాళ్ళు, వండిన మాంసం అమ్మేవాళ్ళు అందులో కనిపిస్తారు. తమకు తెలిసినవాళ్ళకి బస ఇవ్వొచ్చని ఉంటుంది. అంటే రాజ్యం దృష్టిలో వాళ్ళు తిండి అమ్మేవాళ్ళే కాదు, ఊళ్ళోకి ఎవరొచ్చారో కనిపెట్టి ఉండే కళ్ళు కూడా. ధాన్యం, నూనె, ఉప్పు, మందుల్లో కల్తీ చేస్తే 12 పణాల జరిమానా అని వేరేచోట ఉంటుంది. కాబట్టి తిండి మీద ప్రభుత్వం కన్ను కొత్తదేమీ కాదు.

మళ్ళీ ఆశీలుకి వద్దాం. ఇది నడిచే తీరు మీలో చాలామంది చూసే ఉంటారు, కానీ గమనించి ఉండరు. పంచాయతీయో, మునిసిపాలిటీయో, దేవస్థానమో ఆశీలు వసూలు చేసుకునే హక్కుని వేలం వేస్తుంది. దాన్ని "పాట" అంటారు. ఎక్కువకి పాడినవాడు మొత్తం డబ్బు కట్టి, రసీదు పుస్తకాలు ఇచ్చి కుర్రాళ్ళని తిప్పుతాడు. ఇప్పుడు లెక్క చూడండి. పాటదారుకి తను కట్టింది రాబట్టుకోవాలి. అంటే ఎన్ని అంగళ్ళు పడితే అంత లాభం. ఇద్దరి మధ్య సందు ఉంటే అక్కడ జామకాయల గంప ముసలమ్మని కూర్చోబెడతాడు. బందోబస్తు చూసేవాళ్ళకి ఎన్ని అంగళ్ళు తక్కువైతే అంత హాయి. ఒకరు రప్పిస్తారు, ఇంకొకరు తోలేస్తారు. ఇద్దరూ ఒకే అమ్మకందారుతో, ఒకేరోజు. ఎక్కడ అంగడి వెయ్యొచ్చు, ఎక్కడ వెయ్యకూడదు అని గీత గీసేలోపే వసూలు హక్కు అమ్ముడైపోతుంది. మా బాబాయి పిండి నేలపాలైంది ఆ సందులోనే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

సరే, తోలేసే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం పోలీసు వ్యవస్థని కొత్తగా కట్టుకుంది. మన కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. అక్కడ జిల్లా పోలీసు చట్టం 1859లోనే వచ్చింది. మిగతా చాలా ప్రాంతాలకి 1861 పోలీసు చట్టం. ఆ 1861 చట్టంలో సెక్షన్ 34 ఒకసారి చదవండి, భలే ఉంటుంది. రోడ్డు మీద జనానికి అడ్డం, ఇబ్బంది, ప్రమాదం కలిగించే పనుల లిస్టు అది. పశువుల్ని వధించడం, గుర్రాన్ని జోరుగా తోలడం, చెత్త పారబొయ్యడం, తాగి గొడవ చెయ్యడం. వాటి మధ్యలో ఒకటి: సరుకు అమ్మకానికి పెట్టడం. శిక్ష 50 రూపాయల దాకా జరిమానా, లేదా 8 రోజుల దాకా జైలు. ఆ రోజుల్లో 50 రూపాయలంటే కూలివాడికి నెలల తరబడి సంపాదన.

గమనించాల్సింది ఏంటంటే, ఆ చట్టానికి అమ్మేవాడు ఏం అమ్ముతున్నాడో అక్కర్లేదు. బజ్జీయా, బొమ్మా, బట్టా అన్నది లెక్కలేదు. వాడు రోడ్డు మీద ఉన్న ఒక వస్తువు. అడ్డం. మద్రాసు రాష్ట్రంలో 1889లో టౌన్స్ న్యూసెన్స్ యాక్ట్ అని ఇంకొకటి తెచ్చారు. పేరులోనే ఉంది, న్యూసెన్స్. హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి సిటీ పోలీస్ యాక్ట్, 1348 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క. మన లెక్కలో 1938-39 అవుతుంది. రాత్రి టీ బండి మీద పెట్టీ కేసు రాశారని వింటుంటారు కదా, ఆ కేసుల వెనక ఈ పాత చట్టం పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. నిజాం పోయాడు, ఫస్లీ లెక్క పోయింది, కేసు మాత్రం ఉంది.

బొంబాయిలో 1888 నాటి మునిసిపల్ చట్టం ఉంది. అందులో సెక్షన్ 314 ప్రకారం వీధిలో పెట్టిన సరుకుని కమిషనర్ నోటీసు కూడా ఇవ్వకుండా తీయించెయ్యొచ్చు. ఈ నోటీసు లేకపోవడం అనే మాట తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఇది రోడ్డు చట్టం. రెండోది ప్లేటు చట్టం. ప్లేటులో ఏముందో చూసేది.

మద్రాసు రాష్ట్రంలో 1918లోనే కల్తీ నిరోధక చట్టం ఉంది. దేశం మొత్తానికీ ఒకటే చట్టం వచ్చింది 1954లో, అమలు 1955 జూన్ 1 నుంచి. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే మాట మన అమ్మమ్మల తరానికి తెలిసింది అప్పుడే. ఆయన వచ్చి శాంపిల్ తీసుకుంటాడు, దానికి డబ్బు కూడా ఇస్తాడు, మూడు భాగాలు చేసి సీలు వేసి ఒకటి ల్యాబ్‌కి పంపుతాడు. పెద్ద కిరాణా కొట్టుకి, నూనె మిల్లుకి ఇది సరిపోయే పద్ధతి. తిరునాళ్ళ బజ్జీకి? రిపోర్టు వచ్చేసరికి తిరునాళ్ళ అయిపోయి, అంగడి ఉన్నచోట గడ్డి మొలుస్తుంది. 2006లో వచ్చిన కొత్త ఆహార భద్రత చట్టంలో కూడా ల్యాబ్‌కి 14 రోజుల గడువు ఇచ్చారు. తిన్నవాడి కడుపు 14 రోజులు ఆగదు కదండీ. తాత్కాలిక అంగడి దగ్గర పనికొచ్చేది శాంపిల్ కాదు, వండే ముందే నీళ్ళు ఎక్కడివి, నూనె ఎన్నిసార్లు కాచింది అని చూసే మనిషి.

ఆ 2006 చట్టం కింద నిబంధనలు 2011లో వచ్చాయి. వీధి తిండి అమ్మేవాళ్ళని, తాత్కాలిక స్టాల్ వేసేవాళ్ళని ఇందులో పేరుపెట్టి పిలిచారు. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారం ఉన్నవాళ్ళకి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయలు ఫీజు అన్నారు. దరఖాస్తు పెట్టాక 7 రోజుల్లోపు అధికారి ఏదో ఒకటి తేల్చాలి. శుభ్రత నియమాలు కూడా చాలా వివరంగా రాశారు. బండి మీద పని చేసే బల్ల నేల నుంచి 60, 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, మంచినీళ్ళు ఉండాలి, చెత్తకి మూత ఉన్న డబ్బా ఉండాలి. 2018 జూలై నుంచి నూనెకి కూడా ఒక కొలత వచ్చింది. కాచిందే కాచిన నూనెలో పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. బజ్జీ ప్రేమికులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మీకో సరదా విషయం. ఆ 2011 నిబంధనల్లో చిన్న ఆహార వ్యాపారి అంటే ఎవరు అన్న నిర్వచనంలో, మతపరమైన లేదా సామాజిక కార్యక్రమాల్లో తిండి పంచేవాళ్ళు కూడా ఉన్నారు. అంటే మీ వీధి వినాయకుడి మండపంలో పులిహోర పంచే కుర్రాళ్ళు కూడా ఆ మాట కిందికి వస్తారు. కంగారు పడకండి. కానీ వండే నీళ్ళ గురించి ఒకసారి ఆలోచించండి.

నిజం చెప్పాలంటే ప్లేటు చట్టం రోడ్డు చట్టం కంటే మర్యాదగా ఉంది. అది అమ్మేవాడిని వ్యాపారిగా చూసింది. సమస్య ఏంటంటే ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఆహార భద్రతవాళ్ళ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే రోడ్డు మీద నిలబడే హక్కు రాదు. ఆశీలు రసీదు చూపిస్తే ఆహార రిజిస్ట్రేషన్ రాదు. రెండూ చూపించినా, "పర్మిషన్ ఏది?" అనే మనిషి ఇంకొకడు ఉంటాడు.

ఇక హక్కు అనే మాట ఎప్పుడు వచ్చిందో చూద్దాం. నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇది.

1960ల్లో ప్యారే లాల్ కేసు అని ఒకటి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. న్యూఢిల్లీ మునిసిపల్ కమిటీ వీధుల్లో వండిన తిండి అమ్మకాన్ని ఆపింది. అమ్ముకునేవాళ్ళు కోర్టుకి వెళ్ళారు. కోర్టు మునిసిపాలిటీ వైపే నిలబడింది. తర్వాత ఇరవై ఏళ్ళు ఏ కోర్టుకి వెళ్ళినా ఆ తీర్పే ఎదురొచ్చేది. 1980ల్లో బొంబాయి హాకర్స్ యూనియన్ కేసులో సుప్రీంకోర్టు కొంచెం మెత్తబడి, హాకింగ్ జోన్లు పెట్టండి, ఎక్కడ అమ్మొచ్చో ఎక్కడ అమ్మకూడదో తేల్చండి అంది. గీత గియ్యమన్నారు, అదే పెద్ద అడుగు.

అసలు మలుపు 1989 ఆగస్టు 30. సోదన్ సింగ్ కేసు. ఢిల్లీలో రెడీమేడ్ బట్టలు అమ్ముకునే చిన్న వ్యాపారి ఆయన. ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఏం చెప్పిందంటే, వీధిలో వ్యాపారం చేసుకోవడం ఆర్టికల్ 19(1)(జి) కింద ప్రాథమిక హక్కే. ఏ వృత్తి అయినా, వ్యాపారం అయినా చేసుకునే స్వేచ్ఛ ఆ ఆర్టికల్. వీధి ఉన్నది నడవడానికే అన్న వాదన అక్కడ నిలబడలేదు. కానీ వెంటనే ఒక ముడి కూడా వేశారు: హక్కు ఉంది గానీ ఫలానా చోటే కూర్చుంటాను అనే హక్కు లేదు. వాడకం మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చు.

చూశారా, 1861లో "అడ్డం"గా ఉన్న మనిషి 1989లో "హక్కుదారు" అయ్యాడు. 128 ఏళ్ళు పట్టింది.

కోర్టు మాట ఒకటి, వీధిలో జరిగేది ఒకటి. ఢిల్లీ కేసులు ఇంకో ఇరవై ఏళ్ళు నడిచాయి. ఈలోపు వీధి వ్యాపారుల సంఘాలన్నీ కలిసి 1998లో నాస్వీ అనే జాతీయ వేదిక పెట్టుకున్నాయి. 2004లో కేంద్రం ఒక జాతీయ విధానం ప్రకటించింది, 2009లో మార్చింది. విధానం అంటే చట్టం కాదు, పాటించకపోతే అడిగేవాడు లేడు. 2010లో గైండా రామ్ కేసులో సుప్రీంకోర్టు ఇక ఓపిక నశించినట్టుంది, 2011 జూన్ 30 లోపు చట్టం చెయ్యండి అని గడువే పెట్టింది. గడువు దాటిపోయింది లెండి. చివరికి 2013 సెప్టెంబర్‌లో లోక్‌సభ, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ పాస్ చేశాయి. 2014 మే 1 నుంచి వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. దాదాపు నెల తర్వాత, జూన్ 2న మన రాష్ట్రం రెండైంది. దాంతో ఈ చట్టం కింద రాసుకోవాల్సిన స్కీములు, రూల్సు రెండు రాష్ట్రాలూ విడివిడిగా రాసుకోవాల్సి వచ్చింది.

చట్టం మంచిదే. నేను మనస్ఫూర్తిగా అంటున్నా. కనీసం ఐదేళ్ళకి ఒకసారి సర్వే చెయ్యాలి. సర్వే పూర్తయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు. సరుకు పట్టుకుంటే లిస్టు రాసి ఇవ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. యాభై ఏళ్ళకి పైగా అమ్ముతున్న చోటయితే దాన్ని వారసత్వ మార్కెట్‌గా గుర్తించాలి. రైల్వే స్థలాలు మాత్రం ఈ చట్టంలోకి రావు. రైల్లో లైసెన్స్ లేకుండా సమోసాలు అమ్మితే రైల్వే చట్టం సెక్షన్ 144 కింద ఏడాది దాకా జైలు ఇప్పటికీ ఉంది.

ఈ చట్టం గురించి మొదటిసారి చదివినప్పుడు నేను పరుగున బాబాయికి ఫోన్ చేశాను. "బాబాయ్, ఇంక ఎవడూ నిన్ను లేపలేడు" అన్నాను. ఆయన "మంచిది రా" అని పెట్టేశాడు. ఆ తర్వాత మొత్తం చదివాను. చదివాక మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ఎందుకంటే మొదటిది, ఈ చట్టం నగరాలకీ పట్టణాలకీ. మునిసిపల్ కార్పొరేషన్, మునిసిపాలిటీ, నగర పంచాయతీ, కంటోన్మెంట్ లాంటివి దీన్ని నడుపుతాయి. మన తిరునాళ్ళు, జాతరలు ఎక్కువ జరిగేది ఎక్కడ? పల్లెల్లో. మేడారం చూడండి, రెండేళ్ళకోసారి నాలుగు రోజులు అడవిలో ఒక మహానగరం లేస్తుంది, కాగితం మీద అది పల్లెటూరే.

రెండోది ఇంకా సూటిగా తగులుతుంది. సర్టిఫికెట్ ఇచ్చేముందు సెక్షన్ 5 ప్రకారం వ్యాపారి ఒక హామీ రాసివ్వాలి. అందులో ఒక ముక్క: "నాకు ఇంకే జీవనాధారం లేదు." చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం నాకు అర్థమైంది. దుకాణాలున్న షావుకార్లు బినామీగా పది బండ్లు పెట్టకుండా ఆ షరతు. న్యాయమే. కానీ మా బాబాయి దాని మీద సంతకం పెడితే అది అబద్ధం అవుతుంది. ఆయన 362 రోజులు తాపీ పని చేస్తాడు కదా!

మీ చుట్టూ చూసుకోండి. సంక్రాంతికి చెరుకుగడలు, వేసవిలో తాటిముంజలు, రంజాన్ నెలలో సాయంత్రం పూట సమోసా బల్ల, తిరునాళ్ళలో జీళ్ళు. వీళ్ళలో ఎంతమందికి అదొక్కటే బతుకు? ఎక్కువమందికి అది బతుకులో పడ్డ చిల్లుకి వేసే మాటు. పిల్లాడి ఫీజు, అప్పు మీద వడ్డీ. ఐదేళ్ళకోసారి జరిగే సర్వేలో మూడు రోజుల మనిషి ఎలా దొరుకుతాడు? సర్వేకి వచ్చినరోజు ఆయన ఎక్కడో గోడ కడుతుంటాడు.

హైదరాబాద్ హలీమ్ సంగతి తీసుకోండి. 2010లో దానికి జిఐ గుర్తింపు వచ్చింది, నగరానికే పేరు తెచ్చింది. రంజాన్‌లో హోటల్ ముందు ఇటుకలతో బట్టీ కట్టి నెలరోజులు అమ్ముతారు. పెద్ద హోటల్‌కి లోపల లైసెన్స్ ఉంది కాబట్టి బయట బట్టీకి పెద్దగా ఇబ్బంది లేదు. అదే వీధిలో ఇంట్లో వండి గిన్నె తెచ్చి బల్ల వేసుకున్నామెకి లోపల ఏ హోటలూ లేదు. తాత్కాలికం ఇద్దరిదీ, నిలకడ ఒకరిదే.

"మరి వేరే దారి ఉందా?" అంటారా. మా అక్క టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ తెలుగువాళ్ళు సంక్రాంతికి పెద్ద మేళా చేస్తారు. అక్కకి ఐటీ ఉద్యోగం, ఏడాదిలో ఒక్కరోజు మిర్చి బజ్జీ స్టాల్ వేస్తుంది. మా ఇంటి రక్తంలోనే ఉందేమో ఇది. అమెరికాలో ఎఫ్‌డిఏ వాళ్ళ ఫుడ్ కోడ్ అనే నమూనా నిబంధనలున్నాయి, రాష్ట్రాలు వాటిని తమకు తగ్గట్టు తీసుకుంటాయి. అందులో "తాత్కాలిక ఆహార కేంద్రం" అనేది ఒక ప్రత్యేకమైన కోవ: ఒకే వేడుక కోసం, వరసగా 14 రోజులకి మించకుండా నడిచేది. అంతే. ఇంకే జీవనాధారం ఉందా లేదా అని అడగరు. అక్క ముందుగా స్థానిక ఆరోగ్య శాఖకి దరఖాస్తు పెట్టి ఫీజు కడుతుంది. పర్మిట్ ఆ వేడుకకి, ఆ తేదీలకి మాత్రమే. చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న నీళ్ళ డబ్బా, కింద బకెట్, సబ్బు ఉండాలి. వేడిగా ఉంచాల్సిన పదార్థం 57 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు. చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీలు దాటకూడదు. ఒకసారి అల్లం చట్నీ ఐసు మీద పెట్టమన్నారని అక్క ఇప్పటికీ గొణుగుతుంది.

అక్కడంతా స్వర్గం అని నేను అనట్లేదు. ఫీజులు, ఫారాలు, కొత్తగా వచ్చినవాళ్ళకి భాష తెలియక పడే తిప్పలు, అన్నీ ఉన్నాయి. కానీ ఒకటి మాత్రం ఉంది. అక్క కాగితం మీద తేదీ ఉంది, చోటు ఉంది, పేరు ఉంది. రోడ్డు, ప్లేటు రెండూ స్టాల్ వెయ్యకముందే తేలిపోతాయి. మన దగ్గర కూడా ఇది అసాధ్యమేమీ కాదు. 2011 ఆహార నిబంధనలు తాత్కాలిక స్టాల్‌ని ఇప్పటికే గుర్తించాయి. ఆశీలు పాట వేసేవాళ్ళు పాటకి ముందే రథం దారి వదిలేసి ముగ్గుతో గళ్ళు గీసి, గడికి నంబర్ వేసి, పాటదారుకి "ఇన్ని గళ్ళే, ఇంతకి మించి వసూలు చెయ్యకు" అని చెప్పొచ్చు. ఆ ముగ్గు ఖర్చు ఎంతండీ?

బాబాయి ఆ 2013లో అప్పు తీర్చడానికి పిన్ని కమ్మలు కుదువ పెట్టాల్సి వచ్చింది. విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. తర్వాత చాలా ఏళ్ళు అంగడి జోలికి పోలేదు. కరోనా తర్వాత తాపీ పనులు తగ్గినప్పుడు మళ్ళీ వేశాడు. ఈసారి డబ్బు ఇచ్చేముందు ఆశీలు కుర్రాడిని అడిగాడట. "రథం ఎటు నుంచి వస్తుంది బాబూ? రేపు సాయంత్రం దాకా నన్ను ఇక్కడే ఉండనిస్తారని దీని మీద రాసివ్వు" అని.

ఆ కుర్రాడు రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, "రాసే చోటు లేదు బాబాయ్" అన్నాడట.

నేను నవ్వాను గానీ, ఆ రాత్రి ఈ పాత రసీదు తీసి చూశాను. మీరూ చూడండి, మళ్ళీ దగ్గరగా పెడుతున్నా. నిజంగానే లేదు. పేరుకి గడి లేదు, చోటుకి గడి లేదు, తేదీకి కూడా లేదు. అంకె రాయడానికి ఒక్క గడి ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా తిరునాళ్ళలోనో జాతరలోనో సంతలోనో ఎప్పుడైనా అంగడి వేసి ఉంటే, వాళ్ళ దగ్గర ఇలాంటి కాగితం దాచిపెట్టి ఉంటే, ఫోటో తీసి పంపండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎంత కట్టారో రాయండి. పేరు, చోటు రాసే గడులున్న రసీదు ఎవరికైనా దొరికితే అది ముందు పంపండి. నేను ఇప్పటిదాకా ఒక్కటీ చూడలేదు.